ఇత్తడి గుండీల గౌను

నా చిన్నప్పుడు, నా గౌనుకు నేనే గుండీలు పెట్టుకునేదాకా తన చేతులు రెండూ తొడల కింద అదిమిపెట్టుకుని కూర్చున్న మనిషి ఒకావిడ ఉండేది. ఆవిడ ఇక లేదన్న కబురు నాకు మొదట తెచ్చింది మా ఇంటికి రోజూ పూలిచ్చే అమ్మాయి. ఆ అమ్మాయిది మోతీనగర్, ఆవిడ ఉండే సందే. మొన్న మంగళవారం పొద్దున్న మూర చామంతులు కొలుస్తూ, "మీ పెద్దమ్మ నిన్న పోయిందమ్మా. మస్తు నిమ్మలంగ పోయింది. తానం జేసి, జాకెట్ ఏసుకొని, చాయ్ తాగి గోడకు ఆనుకొని కూసున్నది. గంతే," అంది.

"జాకెట్టు ఎవరు తొడిగారు?" అని అడిగాను.

చావు కబురు చెబితే ఇదేం ప్రశ్న అన్నట్టు నా వైపు చూసింది పాపం. "ఎవలు తొడుగుతరమ్మా? ఆమెనే ఏసుకున్నది."

చామంతులు స్వామి పాదాల దగ్గర పెట్టి చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. కన్నీళ్ళు వచ్చాయి కానీ, వాటిలో సగం కృతజ్ఞతవే.

మేము మద్రాసు నుంచి వచ్చినవాళ్ళం. మా నాన్న సినిమాలకు దుస్తులు కుట్టేవాడు. తెలుగు సినిమా మెల్లమెల్లగా హైదరాబాదుకు తరలివస్తున్న రోజుల్లో, నాన్న కూడా కుట్టుమిషను రైల్లో వేసుకుని మమ్మల్ని వెంటబెట్టుకుని వచ్చేశాడు. ఇప్పుడు ఫిలింనగర్ అంటే అందరికీ మేడలూ, కార్లూ గుర్తొస్తాయి. నాకు మాత్రం రాళ్ళు గుర్తొస్తాయి. ఏనుగులు పడుకున్నట్టుండే నల్లని రాళ్ళు, వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి లేస్తున్న ఇళ్ళు. ఒకే వరండాకు రెండు గుమ్మాలున్న ఇంట్లో ఒక గుమ్మం మాది, రెండోది పెద్దమ్మది. మాకు చుట్టం కాదు. మా అమ్మ ఆవిడను అక్కా అనేది కాబట్టి నాకు పెద్దమ్మ అయింది. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చి, సినిమాలకు దుస్తులు అద్దెకిచ్చే గోదాముకు ఇస్త్రీ చేసేది. రాజుల అంగీలు, పోలీసు చొక్కాలు, పెళ్ళికూతురు చీరలు మూటలు మూటలుగా ఆ వరండాలోకి వచ్చేవి. బొగ్గుల ఇస్త్రీపెట్టె వేడికి వాటిలోంచి పౌడరు వాసన, చెమట వాసన కలిసి లేచేవి.

నేను ఏడో నెలలో పుట్టానట. బతకదన్న పిల్లను బతికించుకున్న మా అమ్మ, నన్ను కింద దించడానికి భయపడేది. అయిదేళ్ళు వచ్చినా అన్నం తనే తినిపించేది, నీళ్ళు తనే తాగించేది. చెప్పులు తొడిగేది. నాన్న ప్రేమ ఇంకో రకం. కథానాయికలకు కుట్టగా మిగిలిన శాటిన్ ముక్కలన్నీ దాచి నాకు గౌన్లు కుట్టేవాడు. ఆ గౌన్లు చూసి వీధిలో ఆడపిల్లలు కుళ్ళుకునేవాళ్ళు. నన్ను చూసి మాత్రం నవ్వేవాళ్ళు.

బడిలో వేయడానికి అమ్మ రెండుసార్లు తీసుకెళ్ళింది. రెండోసారి అక్కడి టీచరమ్మ నన్ను ఒక గంట కూర్చోబెట్టుకుని చూసింది. డబ్బా మూత తియ్యమంటే ఆవిడ చేతికే ఇచ్చాను. బాత్రూముకు వెళ్ళొచ్చి, జారిపోయిన గౌనుతో చేతులు చాపుకుని తలుపు దగ్గర అలాగే నిలబడిపోయాను. ఆవిడ అమ్మను పక్కకు పిలిచి, "ఈ పాపకి ఇంకా ఏ పనీ రాలేదమ్మా. కొంచెం మందమేమో, ఒకసారి డాక్టరుకి చూపించండి," అంది. తగ్గించే చెప్పింది కానీ నాకు వినిపించింది. ఆ మాటకు అర్థం తెలియకపోయినా, అది నా గురించేనని తెలిసింది. దారి పొడుగునా అమ్మ ఏడుస్తూనే నన్ను ఎత్తుకుని నడిచింది.

ఈ సంగతి తెనాలిలో ఉన్న మా అత్తయ్యకు చేరింది. అత్తయ్య అంటే నాన్నకు అక్క, పిల్లలు లేని మనిషి. వెంటనే ఉత్తరం రాసింది. పిల్లను నా దగ్గర వదిలెయ్యండి, దాని బాగోగులు జీవితాంతం నేను చూసుకుంటాను, మీరు ఇంకో బిడ్డ సంగతి ఆలోచించుకోండి, దసరాకి వచ్చి తీసుకెళ్తాను అని. ఆవిడది చెడ్డబుద్ధి అని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఆ ఉత్తరం చదివి నాన్న ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే అమ్మను భయపెట్టింది. దసరాకు ఇంకా రెండు నెలలుంది.

అంతలోనే అమ్మకు కామెర్లు వచ్చాయి. వంటింటి పక్క గదిలో విడిగా పడుకోవాల్సి వచ్చింది. నాన్నకు షూటింగులు. పగలంతా నన్ను చూసుకునే మనిషి లేక, నాలుగు గౌన్లు సంచిలో పెట్టి పెద్దమ్మ గుమ్మంలో దింపారు.

మొదటిరోజు స్నానమయ్యాక గౌను మెడలో వేసుకుని, అలవాటుగా గోడవైపు తిరిగి, చేతులు రెండూ చాపి నిలబడ్డాను. పెద్దమ్మ ఇస్త్రీ ఆపి చూసింది.

"ఏంది బిడ్డా, గట్ల నిలవడ్డవ్? షాట్ రెడీనా?"

"హుక్కులు పెట్టు."

"నువ్వు పెట్టుకోవా?"

"నాకు రాదు. నాకు మందం."

నా పేరు చెప్పినంత మామూలుగా చెప్పానట ఆ మాట. పెద్దమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, నా దగ్గరికి వచ్చి, గౌను వెనకభాగం అటూ ఇటూ తిప్పి చూసింది. మెడ నుంచి నడుము దాకా చీమతలల్లాంటి తొమ్మిది హుక్కులు. తన చెయ్యి తన వీపు మీదికి పోనిచ్చి, అక్కడ హుక్కు ఉన్నట్టే తడుముకుని చూసుకుంది. అందలేదు. సంచిలోని మిగతా గౌన్లు నేల మీద పరిచింది. అన్నిటికీ హుక్కులు వెనకే. అప్పుడు నవ్విన నవ్వు చూడాలి! కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వంగి వంగి నవ్వింది.

"అయ్యో నా బిడ్డా, నీకు ఎన్క కండ్లున్నయా? చేతులు ఎన్కకు తిరుగుతయా? ఇంత పెద్దదాన్ని, నాకే అందుతలేవు. మందం నీకు గాదు. గీ గౌన్లకున్నది."

ఇది మా సినిమా ఇళ్ళల్లో మాత్రమే జరగగలిగిన పొరపాటు. కెమెరా ముందు నిలబడేవాళ్ళకు ఎదురుగా కుట్టు, హుక్కు కనిపించకూడదని, బిగింపులన్నీ వెనక పెట్టి కుడతారు. తొడగడానికి పక్కన ఒక మనిషి ఎప్పుడూ ఉంటాడు కాబట్టి అక్కడ అది తప్పు కాదు. మా నాన్నకు తెలిసిన చిన్నపిల్ల కొలత ఒక్కటే, సినిమాల్లో వేసే పిల్లల కొలత. కన్నకూతురికీ ఆ కత్తిరింపే కత్తిరించాడు. అయిదేళ్ళపాటు నేను చేతులు చాపి నిలబడటమే నేర్చుకున్నాను.

గోదాములో పారేసిన పోలీసు చొక్కా ఒకటి పెద్దమ్మ అడిగి తెచ్చింది. భుజం దగ్గర చిరిగిపోయింది, వెనక ఎర్రరంగు నెత్తురు మరక కూడా ఉండేది. ఆవిడకు కుట్టుపని రాదు. దుప్పట్లు కుట్టే లావు దారంతో, ఏ కొలతా లేకుండా, దాన్ని గౌనులా కుట్టింది. ముందువైపు మెడ నుంచి మోకాలి దాకా అయిదు ఇత్తడి గుండీలు. ఒక్కొక్కటీ అర్ధరూపాయి బిళ్ళంత. గుండీలు దూరే చిల్లులు కూడా అంతే పెద్దవి చేసింది. నాకు ఆ గౌను చూస్తే ఏడుపొచ్చింది. శాటిన్ కాదు, మెరుపుల్లేవు, గరుకు ఖాకీ.

ఆ రోజే మా రాళ్ళ దగ్గర ఏదో షూటింగుకు గుర్రం వచ్చిందని వీధిలో పిల్లలు అరుచుకుంటూ పరుగెత్తారు. నేనూ చూడాలని ఎగిరాను.

"పోదాం పా," అంది పెద్దమ్మ. "నువ్వు గుండీలు పెట్టుకోంగనే పోదాం."

అని గడప మీద కూర్చుని, రెండు అరచేతులూ తొడల కింద పెట్టేసుకుంది. ఎందుకలా కూర్చున్నావని అడిగితే, "నా చేతులు దొంగయి బిడ్డా. ఊకుండుమంటె ఊకుండయి. కట్టేసి కూసున్న," అంది. తరువాత కళ్ళు సగం మూసుకుని, పైకి వినపడేలా రామ, రామ అనుకోవడం మొదలుపెట్టింది.

మొదటి గుండీ చిల్లులోకి దూరదు. దూరినట్టే దూరి జారిపోతుంది. నేను ఏడ్చాను. రామ, రామ. కాళ్ళు నేలకేసి కొట్టాను. రామ, రామ. గుర్రం వెళ్ళిపోతుందని అరిచాను. "పోతె పోనియ్, ఇంకో గుర్రం వస్తది. నీ గుండీ యాడికీ పోదు," అంది, అంతే. వరండాలో ఎండ గడప దాటి లోపలికి జరిగింది. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు బూడిదయ్యాయి. సాయంత్రంలోగా అప్పగించాల్సిన మూట ఆ పక్కనే విప్పకుండా ఉంది. ఆవిడ దానివైపు ఒక్కసారి చూసింది, మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. పెద్దయ్యాక తెలిసింది, ఆ రోజు గోదాములో చీవాట్లు తిందని.

గుండీ వంచి, చిల్లును దాని మీదికి లాగాలని ఏ క్షణాన తట్టిందో చెప్పలేను. ఉన్నట్టుండి ఇత్తడి ముఖం చిల్లులోంచి బయటికి తొంగిచూసింది. తరువాత రెండోది. నాలుగు పడేసరికి కింద ఒక చిల్లు మిగిలిపోయింది, పైన ఒక గుండీ మిగిలిపోయింది. గౌను ఒక పక్కకు లేచి, వంకరగా వేలాడింది. పెద్దమ్మ కళ్ళు తెరిచి, కిందినుంచి పైదాకా చూసి, "సల్లగుండు బిడ్డా! పా గుర్రం కాడికి," అని లేచింది. వంకర సరిచేయలేదు. చేతులు తిమ్మిరెక్కి విదిలించుకుంటూ నడిచింది.

మేము వెళ్ళేసరికి గుర్రం లేదు. రాళ్ళ మధ్య లద్దె మాత్రం వేడిగా ఉంది. నాకు ఏ బాధా కలగలేదు. ఆ లద్దె చుట్టూ నా పోలీసు గౌనులో, దొరసానిలా మూడుసార్లు తిరిగాను.

ఆ తరువాతి రోజుల్లో పెద్దమ్మ నాకు ఏదీ నేర్పిందని చెప్పలేను. నేను దేనివైపు పోతే దానికి అడ్డం లేకుండా జరిగేది. కుండ పక్కన నా చేతికందేలా చిన్న చెంబు పెట్టింది. బట్టల్లోంచి ఊడిన గుండీలు దాచే డబ్బా కిందికి దించింది. రెండు చిల్లుల గుండీలు, నాలుగు చిల్లుల గుండీలు వేరుచేస్తూ పూటంతా కూర్చుంటే, అన్నానికి కూడా నన్ను కదిలించేది కాదు. నీళ్ళు ఒలికితే గుడ్డ ఎక్కడుందో చూపించేది. మూటల మీద గోదామువాళ్ళు రాసిన అక్షరాలుండేవి. "నాకు సదువు రాదు బిడ్డా, మూటలు కలిసిపోతున్నయ్. పోలీసోళ్ళది ఏదో జర జూసి చెప్పరాదు?" అనేది. నాకూ రాదు. కానీ నా గౌనులాంటి ఖాకీ చొక్కాలున్న మూట మీద ఏముందో బాగా చూసి, అలాంటిదే ఇంకో మూట మీద వెతికి పట్టుకున్నాను. నేను నేర్చిన మొదటి అక్షరం 'పో'. ఆ తరువాత అమ్మ పడుకున్న గది కిటికీ దగ్గరికి వెళ్ళి, మంచం మీదున్న అమ్మను, "ఇది కాకుండా ఇంకేం అక్షరాలుంటాయి?" అని అడిగాను. అమ్మ పసుపుపచ్చని ముఖంలో నవ్వు అప్పుడు చూశాను.

అమ్మ లేచి తిరిగే నాటికి దసరా దగ్గరపడింది. అత్తయ్య చెప్పినదానికి నాలుగు రోజుల ముందే దిగింది. నా బట్టలు పెట్టుకెళ్ళడానికి కొత్త రేకు పెట్టె కూడా తెచ్చింది. గుమ్మంలోంచే నన్ను చూసి, "ఇదేం గౌనే తల్లీ! పోలీసు స్టేషన్లో పుట్టావా ఏంటి?" అని ముద్దుపెట్టుకుంది. తరువాత అమ్మతో, "దానికి మంచి గౌను తొడుగు. గుడికి తీసుకెళ్ళొస్తాను. రేపు సాయంత్రం బండికి మేం బయల్దేరతాం," అంది.

నాన్న కుట్టుమిషను ముందు తలవంచుకుని కూర్చున్నాడు. అమ్మ శాటిన్ గౌను తీసి నా ఖాకీ గౌను గుండీల మీద చెయ్యి వేసింది.

"నేనే," అన్నాను.

"దానికి రాదు వదినా, పాపం," అన్నట్టు అమ్మ అత్తయ్య వైపు చూసింది. నేను అయిదు గుండీలూ విప్పి, ఖాకీ గౌను తీసేసి, శాటిన్ గౌను అందుకుని అటూ ఇటూ తిప్పాను. వెనకవి ముందుకు వచ్చేలా తిరగేసి తొడుక్కున్నాను. హుక్కులన్నీ నా పొట్ట మీదికి వచ్చాయి. నాన్న అద్దిన మెరుపుల పువ్వు వీపు మీదికి పోయింది. చీమతలల్లాంటి ఆ హుక్కులు ఇత్తడి గుండీల్లా కాదు, వేళ్ళకు చిక్కవు. అమ్మ చెయ్యి మళ్ళీ ముందుకు వచ్చింది.

అప్పటికే పెద్దమ్మ మా గుమ్మంలో నిలబడి ఉంది, ఇస్త్రీ చేసిన చీరలు భుజం మీద వేసుకుని. లోపలికి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. "ఆగు చెల్లె. రామ రామ అనుకో, ఓపికొస్తది," అని అమ్మను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎవరమ్మా నువ్వు? పిల్లని అలా ఏడిపిస్తావేం?" అంది అత్తయ్య.

"పిల్ల ఏడుస్తలేదు తల్లీ. ఏడ్సేది మనమే. జర సూడు."

నిజంగానే నేను ఏడవడం లేదు. నాలుక బయటపెట్టి హుక్కుల పని చూస్తున్నాను. ఎంతసేపు పట్టిందో. తొమ్మిదింటిలో ఆరు పడ్డాయి. మిగతా మూడూ వదిలేసి, వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి అత్తయ్యకు ఇచ్చాను. దూరం నుంచి వచ్చినవాళ్ళకు నీళ్ళివ్వాలని పెద్దమ్మ దగ్గర చూసిందే.

అత్తయ్య నీళ్ళు తాగుతూ నా పొట్ట మీది హుక్కులు లెక్కపెట్టింది. "మందమన్నారు కదరా తమ్ముడూ," అంది చివరికి, నాన్నతో.

నాన్నకు బదులు పెద్దమ్మే చెప్పింది. "మాస్టర్ సాబ్, కోపం జెయ్యకుండ్రి. గౌను మంచిగ కుట్టిండ్రు. గని పిల్లకు గాదు, పిల్ల ఎన్క నిలవడెటోళ్ళకు కుట్టిండ్రు."

కోపం రాలేదు నాన్నకు. నన్ను దగ్గరికి పిలిచి, తిరగేసిన గౌను మీద ఆ ఆరు హుక్కులూ ఒక్కొక్కటే వేలితో తడిమాడు. ఆ సాయంత్రమే కత్తెర తీసి నా గౌన్లన్నిటి హుక్కులూ విప్పి, ముందుకు గుండీలు వేశాడు. అత్తయ్య పక్కనే కూర్చుని సూదికి దారం ఎక్కించి ఇచ్చింది. దసరా మాతోనే గడిపి, ఒంటరిగా బండెక్కింది. రేకు పెట్టె మాత్రం నాకే వదిలేసింది, "నీ గౌన్లు నువ్వే సర్దుకో" అని.

మళ్ళీ బడికి తీసుకెళ్దామని నాన్న అన్నాడు కానీ, ఆ మందం మాట మళ్ళీ నా చెవిన పడుతుందేమోనని అమ్మే వద్దంది. మూటల అక్షరాలతో మొదలైన చదువు ఇంట్లోనే సాగింది. అమ్మ దగ్గర చదవడం, రాయడం. నాన్న కొలత టేపుతో లెక్కలు. పదో తరగతి ఇంటి దగ్గరే చదివి పరీక్ష రాశాను. భగవంతుడు నాకు బడి ఇవ్వలేదని ఎవరైనా జాలిపడితే నవ్వొస్తుంది. నాకు ఇచ్చిన గురువు ఎవరో వాళ్ళకు తెలియదు.

ఇప్పుడు మేము శ్రీనగర్ కాలనీలో ఉంటున్నాం. నాలుగేళ్ళ మనవడు పొద్దున్నే బూట్లతో కుస్తీ పడుతుంటాడు. "అత్తయ్యా, వ్యాన్ వచ్చేసింది, మీరే తొడిగెయ్యండి ప్లీజ్," అంటుంది కోడలు, కంగారుగా. తప్పు తనది కాదు, వ్యాను ఆగదు. అందుకే వాణ్ణి అరగంట ముందు లేపుతాను. గడప మీద కూర్చుని, చేతులు తొడల కింద పెట్టుకుని, రామ రామ అనుకుంటాను. ఎడమ బూటు కుడికాలికి వేసుకున్న రోజు నా చేతులు ఎంత గుంజుతాయో నాకే తెలుసు. పూజలో కూర్చున్నప్పుడు పక్కదారి పట్టే మనసు, ఆ గడప మీద మాత్రం కదలదు.

రెండు నెలల కిందట పెద్దమ్మను చూడటానికి మోతీనగర్ వెళ్ళాను. ఎనభై అయిదు దాటిన మనిషి, వేళ్ళు వణుకుతున్నాయి. స్నానం చేసి వచ్చి జాకెట్టు హుక్కులు పెట్టుకుంటోంది. ఒకటి పడుతుంది, ఒకటి జారిపోతుంది. వాళ్ళ కూతురు సాయానికి లేవబోతే, నేనే చెయ్యి పట్టి ఆపాను. మేమిద్దరం కూర్చుని చూశాం. వేడి చాయ్ మీద మీగడ కట్టింది. చివరి హుక్కు పడ్డాక పెద్దమ్మ తలెత్తి, నన్ను చూసి బోసినోటితో నవ్వింది.

"చేతులు యాడ వెట్టినవ్ బిడ్డా?"

తొడల కిందినుంచి తీసి చూపించాను. రెండూ తిమ్మిరెక్కి ఉన్నాయి.

ఇది చదివే మీకు నాదొక మనవి. మీ ఇంట్లో పసివాళ్ళు గుండీతోనో, చెప్పుతోనో, అన్నం ముద్దతోనో తిప్పలు పడుతున్నప్పుడు మీ చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. ప్రేమ ఉన్న చెయ్యి అలాగే పోతుంది, అది తప్పని నేను అనను. ఆ చేతిని కాసేపు వెనక్కి తీసుకుని, మీకు ఇష్టమైన దేవుణ్ణి తలుచుకోండి. ఆ దేవుడి పక్కనే, బొగ్గులు చల్లారిపోతున్నా గడప మీదనుంచి లేవని మా పెద్దమ్మను కూడా ఒక్కసారి తలుచుకోండి.